వలపటి గాడి

రంగయ్య మొదటి గెలుపు ఆళ్లగడ్డ బండలాగుడు పోటీలో. ఆరేళ్లు వరసగా ఓడి, ఏడో ఏట ఆయన జత అందరికంటే ఎక్కువ దూరం బండను లాగింది. ఆ రోజు పగ్గం పట్టినవాళ్లలో నేనూ ఉన్నాను. తర్వాత కొలిమిగుండ్లలో మొదటి బహుమతి, నంద్యాలలో రెండేళ్లు వరసగా మొదటి బహుమతి, బేతంచెర్లలో మోటారు సైకిలు. మా ఊరి పేరు నలుగురికి తెలిసిందంటే ఆ ఎద్దుల వల్లనే. ఈ మాట గర్వంగానే రాస్తున్నాను.

కాడికి కుడివైపు కట్టేది వలపటి ఎద్దు, ఎడమవైపు కట్టేది దాపటి ఎద్దు. పోయిన వేసవిలో వలపటిది కడుపు ఉబ్బి చచ్చిపోయింది. నంద్యాల నుంచి డాక్టరు వచ్చేసరికే అంతా అయిపోయింది.

మిగిలిన దానికి జోడీ కోసం రంగయ్య తిరగని సంత లేదు. పశువుల వ్యాపారి అమీర్ బాషా ఎన్ని ఎద్దులను తెచ్చి చూపించినా కుదరలేదు. కాడి మెడ మీద పడగానే దాపటిది పండుకునేది. కొట్టంలో కూడా ఎడమకే ఒదిగి, కుడివైపు మేత వేసే గాడి ముందర చోటు వదిలి నిలబడేది.

"చూడు పెద్దాయనా, దానికి ఇంకా యాదుండాది" అని నాతో అనేవాడు రంగయ్య.

ఒకనాడు ఆయన భార్య భారతమ్మ నా ముందరే అనేసింది. "యాదుండేది దానికా నీకా? దినామూ వలపటి గాడిలో చొప్ప ఏస్తాండేది ఎవురు? చచ్చినదాని గంటలు ఆ గుంజకు తగిలించింది ఎవురు? నువ్వు చోటు పెడతాండావ్, అది ఇడుస్తాంది."

రంగయ్య ఆ సాయంత్రం కూడా ఖాళీ చోటు ముందరి గాడిలో చొప్ప వేశాడు. నిద్ర కరువైంది, తిండి తగ్గింది, మనిషి సగమయ్యాడు.

దసరా ముందు, చచ్చిన ఎద్దుకు రాతి బొమ్మ చెక్కించాలని నన్ను వెంటబెట్టుకుని ఆళ్లగడ్డ పోయాడు. శిల్పి వెంకటేష్ ఒక పెద్ద విగ్రహానికి నునుపు పెడుతున్నాడు.

"ఈయన చేతిలో ఏమీ ల్యాకపాయెనే, ఎవురప్పా?" అన్నాడు రంగయ్య.

"బుద్ధుడన్నా. ఏమీ పట్టుకోలేదు గదా, అందుకే చేతులు ఖాళీ."

"ఏం చెప్పినాడు?"

"బతుకులో బాధ ఉండాదన్నాడు. నాకు కావాల, నా కాడే ఉండాల అని పట్టుకుంటే పెరుగుతాదంట. ఇడిస్తే తగ్గుతాదంట."

నేను ఊరుకోలేక "మరి నువ్వు ఇడిసినావా?" అన్నాను.

"ఈ బొమ్మకు లారీ వచ్చి, డబ్బులు చేతిలో పడేదాకా నాకూ ఆశే పెద్దాయనా" అని నవ్వి, "నీ ఎద్దు ఎంత ఎత్తు ఉండాలన్నా?" అని రంగయ్యను అడిగాడు.

రంగయ్య చాలాసేపు ఆ ఖాళీ చేతులను చూశాడు. "వద్దులేప్పా. చెక్కిస్తే దానికీ చొప్ప ఏస్తా నేను" అని లేచాడు.

సాగర్ దగ్గర పదిరోజుల ధ్యానం నేర్పే చోటు ఉందని వెంకటేషే చెప్పాడు. నంద్యాలలో ఉండే కూతురు సంధ్య ఫోనులో పేరు రాయించింది.

"ఆడ ఎవురితోనూ మాట్లాడకూడదంట" అన్నాడు రంగయ్య.

"ఇంట్లో చేస్తాండేది అదే గదా. దానికి బస్సు చార్జీలు దేనికి?" అంది భారతమ్మ. అంటూనే సంచిలో దుప్పటి సర్దింది.

బయలుదేరే ముందు అమీర్ బాషా వచ్చాడు. కొలిమిగుండ్ల రైతు ఒకాయన ఒంటెద్దు బండికి ఎద్దును అడుగుతున్నాడట. "పందేలు లేవు, జోడీ అక్కర్లేదు. మంచి మనిషన్నా, బాగా చూసుకుంటాడు. ఇస్తావా?"

"వచ్చినాక చెప్తా" అన్నాడు రంగయ్య. ఎద్దును చూసుకోమని పలుపు నా చేతిలో పెట్టాడు.

"వలపటి గాడిలో ఎయ్యాల్నా?" అని అడిగాను.

బస్సు హారను కొడుతోంది. "ఎయ్యొద్దు" అని, నా ముఖం చూడకుండా ఎక్కాడు.

నేను వేయడం లేదు. అయినా చొప్ప మోపు ఎత్తితే కాళ్లు అటే పోతాయి. మొదట్లో ఎద్దు ఖాళీ గాడిలో మూతి పెట్టి చూసి, మళ్లీ ఎడమకే జరిగేది. నిన్న సాయంత్రం కొట్టం నడిమధ్య కాళ్లు చాపుకుని పండుకుంది. ధ్యానం నేర్పే చోట ఫోన్లు తీసి పెట్టుకుంటారట, రంగయ్యకు చెప్పే దారి లేదు. ఇది వింటే ఆయన తేలికపడతాడో, కుంగిపోతాడో నాకు తెలియడం లేదు. అమీర్ బాషా మాత్రం జవాబు కోసం ఆయన తిరిగొచ్చే రోజే వస్తానన్నాడు. రంగయ్య డిసెంబరు ఒకటో తేదీ, ఆదివారం, సాయంత్రం బస్సుకు రావాలి.