విసనకర్ర ఆగిన చోటు

దయ్యం మాట ఎత్తితే మా ఇంట్లో మొదట నవ్వేది నేనే. ముప్పై ఏళ్లు హైస్కూల్లో లెక్కలు చెప్పాను. రుజువు రాయకుండా జవాబొక్కటే రాసిన పిల్లలకు సున్నా వేసిన చెయ్యి ఇది. చనిపోయినవాళ్లు ప్రభువు దగ్గర విశ్రాంతిగా ఉంటారని చిన్నప్పటి నుంచి చర్చిలో విన్నవాణ్ణి కూడా. అంత విశ్రాంతి వదులుకుని వాళ్లకు మళ్లీ ఏలూరులో పనేముంటుంది అనుకునేవాణ్ణి.

ఇప్పుడు చెప్పబోయేదానికి నా దగ్గర రుజువు లేదు. జరిగింది జరిగినట్టు చెబుతాను.

నాకు వయొలిన్ పిచ్చి. విద్వాంసుణ్ణేమీ కాను. ఆదివారం ఆరాధనలో పాటలకు వాయించడం, స్కూలు వార్షికోత్సవంలో పిల్లల వెనక కూర్చోవడం, అంతవరకే నా ఘనత. రెండువేల సంవత్సరం దాటిన కొత్తల్లో విజయవాడ వెళ్లి ఒక కంప్యూటరు కట్టించుకున్నాను. షాపతను అందులో పాటలు రికార్డు చేసే సాఫ్ట్‌వేర్ ఒకటి ఎక్కించి ఇచ్చాడు. బూడిదరంగు తెర, నాలుగు ట్రాకులు, అంతకంటే హంగులేమీ లేవు. అది ఒంటబట్టడానికి నాకు ఆరు నెలలు పట్టింది.

మేం ఏలూరులో కాలవకు దగ్గర్లో ఒక మేడ మీది వాటాలో అద్దెకుండేవాళ్లం. మధ్యాహ్నం కింద ఇంటివాళ్లు పడుకుంటారు, వీధి సద్దుమణుగుతుంది. రికార్డింగుకు అదే మంచి వేళ. అయితే ఫ్యాను తిరిగితే మైకు ఆ గాలినంతా పట్టేస్తుంది. కిటికీలు మూసి, దుప్పటి కట్టి, ఫ్యాను ఆపి కూర్చోవాలి. మే నెలలో ఏలూరులో మిట్టమధ్యాహ్నం మేడగదిలో ఫ్యాను ఆపడమంటే ఏమిటో అక్కడ కాపురం చేసినవాళ్లకు చెప్పక్కర్లేదు.

నా భార్య ఎస్తేరు నా వెనక పీట వేసుకుని తాటాకు విసనకర్రతో విసిరేది. నా రెండు చేతులూ వయొలిన్‌కే సరిపోతాయి కాబట్టి రికార్డింగు బొత్తం నొక్కేది కూడా తనే. ‘ఎర్ర గుండ్రం మొదలు, నల్ల చదరం ఆపు’ అని ఒక కాగితం మీద తన ముద్దక్షరాలతో రాసుకుని మానిటరు అంచుకు అంటించుకుంది.

ఆ విసనకర్ర పిడి ఒకచోట చీలితే దారం చుట్టి బిగించింది. ఊపినప్పుడు ‘ఉస్సు’మనేది, వెనక్కి వచ్చేటప్పుడు చీలిక దగ్గర చిన్న ‘టిక్కు’. అది కూడా రికార్డింగులో పడేది. నేను విసుక్కునేవాణ్ణి.

“మరి మీరలా చెమటలు కక్కుతా వాయిత్తే నేను చూత్తా కూర్చోవాలా ఏంటండీ?” అనేది.

ఇంకో సంగతి. సంగీతం నేర్చుకోకపోయినా ఎస్తేరు చెవి గట్టిది. నేను తప్పు వాయిస్తే నోరు తెరిచి చెప్పేది కాదు, విసరడం ఆపేసేది. మెడ మీద వేడి తగలగానే తప్పాననే సంగతి నాకు తెలిసిపోయేది. నా క్లాసులో ఏ పిల్లవాడూ నాకంత భయపడలేదు, ఆ విసనకర్రకు నేను భయపడినంత.

ఎస్తేరుది కొల్లేరు పక్క పల్లె. వాళ్ల నాన్న దోనె నడిపేవాడు, మనుషుల్ని లంకకు దాటించేవాడు. గెడకర్రతో దోనె తోస్తూ ఆయన ఒక వరస తీసేవాడట. మాటలు లేవు, ఊరికే గొంతుతో తీసే కూనిరాగం. బయలుదేరేటప్పుడు ఒక ముక్క, నడి కొల్లేట్లో ఒక ముక్క, ఒడ్డు దగ్గరపడ్డాక చివరి ముక్క. ఆ చివరి ముక్క చెవినపడగానే మా అత్తగారు లేచి పొయ్యి మీద ఎసరు పెట్టేదట. ఆయన చాలా ఏళ్ల క్రితమే పోయారు. అప్పటికి నా బావమరిది యోహాను చంటివాడు. ఆ వరస గుర్తున్నది ఎస్తేరు ఒక్కదానికే.

ఆ రోజుల్లోనే మా అత్తగారికి మతిమరుపు మొదలైంది. మనుషుల్ని పోల్చుకోవడం తగ్గిపోయింది. సాయంత్రమైతే గుమ్మంలో కూర్చుని కొల్లేటివైపు చూస్తూ ఉండేది. నాన్న వరస రికార్డు చేసి అమ్మకు వినిపించాలని ఎస్తేరు పట్టుబట్టింది. తనే పాడమంటే ఒప్పుకోలేదు. “మైకు ముందు నా గొంతు బిగుసుకుపోద్దండి, మీరే వాయించండి,” అంది. వంటగదిలో నాకు కూనిరాగం తీసి వినిపించేది, నేను వచ్చి వాయించేవాణ్ణి. మొదటి ముక్క వచ్చింది. నడిమి ముక్కకు రెండు వేసవులు పట్టింది. ఒడ్డు ముక్క చెప్పమంటే, “ముందిది సరిగ్గా రానివ్వండి, తర్వాత చెప్తాగా,” అనేది.

ఆ తర్వాత అనేది రాలేదు. ఆ ఆగస్టులో జ్వరం వచ్చింది. నాలుగో రోజున ఆసుపత్రిలో పోయింది. నాకు ఇంకేమీ రాయబుద్ధి కావడం లేదు దాని గురించి.

మా అమ్మాయి దీవెన అత్తవారిది తాడేపల్లిగూడెం. వాళ్లమ్మ గుర్తుగా చీరలు వద్దంది, ఆ విసనకర్ర తీసుకెళ్లింది. ఈ మాట గుర్తుంచుకోండి. మా అల్లుడు ప్రభాకర్ కంప్యూటర్లు నేర్పే పనిలో ఉన్నాడు. నాకు కాలక్షేపంగా ఉంటుందని కొత్త కంప్యూటరు, కొత్త సాఫ్ట్‌వేర్ తెచ్చి పెట్టాడు. అందులో గాలీ గరగరా ఏమున్నా అదే తుడిచేస్తుంది. పాతది అమ్మేద్దామన్నాడు. నేను ఒప్పుకోలేదు. పాత సాఫ్ట్‌వేర్‌లో చేసిన రికార్డింగులు కొత్తదాంట్లో తెరుచుకోవు. వాటిలో ఎస్తేరు విసనకర్ర ఉంది. గొంతు రికార్డు చేయనివ్వలేదు కదా, నాకు మిగిలిన తన శబ్దం అదొక్కటే.

అయినా అత్తగారికి ఇచ్చిన మాట ఉంది. ఎస్తేరు ఇచ్చింది, నేను తీర్చాలి. ఒడ్డు ముక్క నాకు తెలియదు కాబట్టి సొంతంగా ఒకటి అల్లి, కొత్త సాఫ్ట్‌వేర్‌లో శుభ్రంగా రికార్డు చేసి, సీడీ పట్టుకుని వెళ్లాను. యోహాను మంచం పక్కన ప్లేయరు పెట్టాడు. మొదటి ముక్కకే ఆవిడ మొహం వెలిగింది. నడిమి ముక్కకు తల ఊపింది. అది అయిపోయాక కూడా ఎదురుచూస్తూనే ఉంది. నేను అల్లిన ముక్క వచ్చింది, పోయింది.

“ఇంకా రాలేదేం?” అంది గుమ్మంవైపు చూస్తూ.

తిరుగు బస్సులో ఏలూరు వచ్చేదాకా తల ఎత్తలేదు నేను.

తర్వాతి వేసవిలో పాత కంప్యూటరు ముందు కూర్చున్నాను. ఏదో తట్టకపోతుందా అని ఆశ. ఎర్ర గుండ్రం నొక్కి, వయొలిన్ ఎత్తుకుని, మూడు ముక్కలూ వాయించి, ఆపి, విన్నాను.

‘ఉస్సు... టిక్కు. ఉస్సు... టిక్కు.’

పొరపాటున పాత రికార్డింగు తెరిచాననుకున్నాను. కాదు. చివర్లో నేను అల్లిన కొత్త ముక్క ఉంది. ఎస్తేరు బతికుండగా ఆ ముక్కే లేదు. పైగా ఆ ముక్కలో మూడో స్వరం దగ్గర విసనకర్ర టక్కున ఆగిపోయింది. అక్కణ్ణించి నా వయొలిన్ ఒక్కటే ఉంది.

భయం వేయలేదంటే నమ్మరేమో. అదే రికార్డింగు మళ్లీ మొదటి నుంచి పెట్టుకుని విన్నాను.

లెక్కల మాస్టార్ని కదా, పరీక్షలు మొదలుపెట్టాను. వాయించకుండా పది నిమిషాలు ఖాళీగా రికార్డు చేశాను, ఏమీ లేదు. దుప్పటి తీసేసి చేశాను. గోడ మీది క్యాలెండరు తీసేశాను. బల్లి ఉందేమోనని బీరువా జరిపాను. వాయిస్తేనే వస్తుంది, వాయిస్తున్నప్పుడు గదిలో మాత్రం వినపడదు. తర్వాత వింటేనే ఉంటుంది. దీవెనకు ఫోన్ చేసి విసనకర్ర ఎక్కడుందని అడిగాను. గూడెంలో వాళ్ల బీరువాలోనే ఉంది. ఎందుకని అడిగింది. ఊరికే అన్నాను.

ఏదో పాడైందని చెప్పి ప్రభాకర్‌ను పిలిపించాను. అదే మైకు కొత్త కంప్యూటరుకు పెట్టి, ఆ తుడిచే ఏర్పాటు ఆపేసి, నేను వాయిస్తుంటే రికార్డు చేశాడు. ఏమీ లేదు. పాతదానికి పెట్టాడు. ఉంది.

“సౌండు కార్డు పాతబడిపోయిందండి మావయ్యగారూ. మార్చేద్దామా?” అన్నాడు.

“వద్దు బాబూ, దాన్ని అలా ఉండనీ,” అన్నాను. విసనకర్ర సంగతి అతనికి చెప్పలేదు.

అతను చెప్పిందే నిజం కావచ్చు. కానీ పాడైన కార్డు సరిగ్గా మూడో స్వరం దగ్గర ఎందుకు ఆగుతుంది? మర్నాడు ఆ స్వరం మార్చి వాయించాను. విసనకర్ర దాన్ని దాటి ఐదో స్వరం దగ్గర ఆగింది. ఐదోది మార్చాను. రెండుసార్లు ఆగింది, మూడోసారి ఒప్పుకుంది. అప్పుడర్థమైంది నాకు. అంతకుముందు ఎలా నేర్పిందో అలాగే నేర్పుతోంది. అర్థమైన ఆ మధ్యాహ్నం వయొలిన్ ఒళ్లో పెట్టుకుని చాలాసేపు ఏడ్చాను.

తొమ్మిది రోజులు పట్టింది. చిక్కంతా ఆఖరి స్వరం దగ్గరే. ఏ పాటైనా చివరికి కిందికి దిగి ఆధార షడ్జమం మీద, అదే కింది ‘స’ మీద ఆగాలని నాకు అలవాటు. ఎన్ని రకాలుగా దిగినా విసనకర్ర ఆగిపోయేది. తొమ్మిదో రోజున విసుగొచ్చి, దిగకుండా పై స్వరం మీదే కమాను నిలబెట్టేశాను, దూరంగా ఉన్నవాళ్లను కేక వేసినట్టు. వాయిస్తుండగానే తట్టింది నాకు. దోనెలోంచి ఒడ్డున ఉన్న భార్యకు వినపడాలనుకునేవాడు కిందికెందుకు దిగుతాడు?

ఆ రోజు రికార్డింగు వింటే విసనకర్ర చివరిదాకా ఆగలేదు. పాట అయ్యాక కూడా ఇంకాసేపు విసురుతూనే ఉంది, నేను వయొలిన్ కింద పెట్టి తేరుకునేదాకా తను ఎప్పుడూ విసిరేది అలాగే.

చొక్కా విప్పి చూసుకున్నాను. ముందువైపు పిండితే నీళ్లు కారేలా ఉంది. వీపువైపు పొడిగా ఉంది.

ఆదివారం ఆరాధన అవగానే అత్తగారి ఊరికి వెళ్లే కైకలూరు బస్సెక్కాను. కొత్త సీడీలో గాలి శబ్దం తుడవలేదు, పాత కంప్యూటరు నుంచే ఉన్నదున్నట్టు ఎక్కించాను. ఎస్తేరు పోయిన సంగతి అత్తగారికి అప్పట్లో చెప్పాం, మర్చిపోయింది. మళ్లీ చెప్పే ధైర్యం ఎవరికీ లేకపోయింది. విసనకర్ర గురించి నేను ఏ ఒక్కరితోనూ అనలేదు, యోహానుతో కూడా.

ప్లేయరు పెట్టాం. మొదటి ముక్క అయింది, నడిమి ముక్క అయింది. ఒడ్డు ముక్క మొదలవగానే ఆవిడ మంచం పట్టె పట్టుకుని లేవబోయింది.

“ఎసరెట్టాలి. ఆయనొచ్చేశారు.”

యోహాను భార్య పరుగున వచ్చి పట్టుకుంది. “నేను పెడతాలెండి అత్తయ్యా, మీరు కూర్చోండి,” అంటూ కూర్చోబెట్టింది. ఆవిడ కూర్చుంది. ఆ మొహంలో అంత నిమ్మళం నేను ఎప్పుడూ చూడలేదు. యోహాను గోడవైపు తిరిగి కళ్లు తుడుచుకున్నాడు. తండ్రి వరస చివరిదాకా వాడు వినడం అదే మొదటిసారి.

పాట అయిపోయింది. సీడీలో విసనకర్ర ఒక్కటే మిగిలింది. ‘ఉస్సు... టిక్కు.’ అత్తగారు తల తిప్పి ప్లేయరువైపు కాదు, నా వెనకవైపు చూసింది.

“ఇక చాల్లేవే ఎస్తేరూ. ఎంతసేపని విసురుతావు? చెయ్యి లాగేత్తది,” అంది.

వెనక్కి తిరిగి చూశాను. గోడ ఉంది. ఇటు తిరిగేసరికి ప్లేయరులో శబ్దం లేదు, సీడీ అయిపోయింది.

చిన్నప్పుడు నాన్న అన్నం తింటుంటే తనే విసిరేదాన్నని ఎస్తేరు ఒకసారి చెప్పిన మాట నిజమే. ఆ శబ్దం విని తల్లికి కూతురు గుర్తొచ్చి ఉంటుందని నాకు నేను సర్దిచెప్పుకున్నాను. అంతవరకు సరిపోతుంది. ఆ శబ్దం అసలు అక్కడికెలా వచ్చిందంటే మాత్రం ఇవాళ్టికీ నా దగ్గర జవాబు లేదు. అత్తగారు ఆ చలికాలంలో నిద్రలోనే వెళ్లిపోయింది.

ఆ ఆదివారం తర్వాత పాత కంప్యూటరులో ఆ శబ్దం మళ్లీ పడలేదు. సౌండు కార్డు మార్చలేదు, మైకు మార్చలేదు, గది మార్చలేదు. తల్లి చాలంది కాబట్టి ఆపేసిందనుకోవాలో, మరేమనుకోవాలో నాకు తెలియదు.

ఇప్పటికీ నా రికార్డింగులన్నీ ఆ బూడిదరంగు తెర మీదే. కాగితం అలాగే అంటించి ఉంది. మధ్యాహ్నం కిటికీలు మూసి, ఫ్యాను ఆపి, చెమటలు కక్కుతూ వాయిస్తాను. ఒక్కోసారి కావాలనే ఒక స్వరం తప్పు వాయిస్తాను. తర్వాత శ్రద్ధగా వింటాను. నా వయొలిన్ తప్ప ఏమీ ఉండదు.