సౌండు బాక్సు మీద మహారాణి

నా చిన్నప్పుడు గవర్నర్‌పేటలో మా బాబాయికి మైకు సెట్ల దుకాణం ఉండేది. పెళ్ళయినా పండగయినా చుట్టుపక్కల ఆయన బాక్సులే మోగాలి. బాబాయి పాట పెడితే కరెంటు తీగల మీది కాకులు మూర్ఛపోయి రాలిపడేవని బళ్ళో అందరికీ చెప్పేదాన్ని. నిజానికి రాలింది ఒక్క కాకే. అదీ ముసలిది.

వినాయకుణ్ణి నిమజ్జనానికి కృష్ణ ఒడ్డుకు తీసుకువెళ్ళే ట్రాక్టరులో సౌండు బాక్సు మీద కూర్చోవడం మా వీధి పిల్లలకు పెద్ద గౌరవం. వెనక నడిచేవాళ్ళంతా మామూలు జనం. బాక్సు మీద కూర్చున్నవాళ్ళు దేవుడి తర్వాత అంతటివాళ్ళు. ఆ ఏడు బాబాయి నన్నే ఎత్తి కూర్చోబెట్టాడు. మగపిల్లలు కుళ్ళుకున్నారు.

పాట మొదలవగానే నా పళ్ళు కదిలాయి. చేతులు వాటంతటవే చెవుల మీదికి పోయాయి. బాబాయి నా మొహం దగ్గరకు వంగి అరిచాడు.

"ఛ, చేతులు తియ్యి అమ్మడూ! చెవులు మూసుకుంటే బాక్సు చిన్నబుచ్చుకుంటది. దాని గొంతు పడిపోద్ది. ఇంత జనంలో నా పరువేం గాను? మన వంశంలో ఎవరూ చెవులు మూసుకోలా!"

వంశం మాట వచ్చేసరికి చేతులు దించేశాను. గుండెల్లో రోకలితో దంచుతున్నట్టున్నా, కళ్ళల్లో నీళ్ళు తిరుగుతున్నా రేవు దాకా చేతులు ఒళ్ళోంచి తియ్యలేదు. తలగుడ్డ చెవుల కిందికి లాగి కట్టుకుని, పక్కనే నవ్వుతూ నిలబడ్డ బాబాయి ఆ వేళ నాకు వినాయకుడికంటే ఎత్తుగా కనిపించాడు.

రేవులో మొహం కడుక్కోవడానికి ఆయన తలగుడ్డ విప్పాడు. రెండు చెవుల్లోంచీ కుంకుడుకాయలంతేసి దూది ఉండలు తీసి, జాగ్రత్తగా జేబులో వేసుకున్నాడు.

"మరి నాకో, బాబాయ్?" అన్నాను.

ఆయన పెదాలు కదిలాయి గానీ చెవుల్లో ఈల తప్ప మరేమీ వినబడలేదు. మళ్ళీ గట్టిగా అరిచాడు, నవ్వుతూనే.

"నాకిది రోజూ ఉండే పనే పిచ్చిమొద్దూ! నీకు ఈ ఒక్కరోజేగా!"

ఇంటికొచ్చాక అమ్మ వెనకనుంచి అన్నానికి పిలిచిందట. పలకకపోతే పొగరనుకుని వీపు మీద ఒకటి వేసింది. కుడి చెవి కొన్నాళ్ళకు తేరుకుంది. ఎడమ చెవి తేరుకోలేదు. ఫోను అటు పెట్టుకుంటే మాట్లాడే మనిషి బావిలో ఉన్నట్టుంటుంది. ఒకసారి పోయిన వినికిడి మందులకు తిరిగి రాదన్నాడు డాక్టరు.

చెవి పోయినందుకంటే నాకు ఎక్కువ బాధ మరొకటుంది. ఆ మోత ఏం చేస్తుందో బాబాయికి తెలుసు. తెలిసే, దూది తను ఉంచుకుని కథ నాకిచ్చాడు. కోతలు నేనూ కోస్తాను, రోజూ కోస్తాను. వినేవాళ్ళ ఒంటికి దెబ్బ తగిలే కోత మాత్రం ఇంతవరకు కొయ్యలేదు.

ఇప్పుడు ఏ పెళ్ళిలో డీజే మొదలైనా, బాక్సుల ముందు గెంతే పిల్లల్ని ఏడ్చినా సరే దూరంగా లాక్కుపోతాను. నన్నెవరైనా "మీ ధైర్యమే ధైర్యమండీ" అని పొగిడితే, ముందు వాళ్ళ చెవుల్లోకి తొంగిచూస్తాను.