నేసమణి పేరు చదివిన ఉదయం

దెయ్యం కథ ఎవరైనా మొదలుపెడితే "నువ్వు కళ్లారా చూశావా?" అని అడిగి నోరు మూయించే రకం నేను. చరిత్ర పాఠాలు చెప్పి రిటైరైనదాన్ని, ఆధారం లేనిదే ఏదీ నమ్మను. ఇప్పుడు నేనే ఇలాంటిది రాయాల్సి వచ్చినందుకు నాకే ఒళ్లు మండుతోంది.

మాది పాకాల దగ్గర పల్లె. అక్కడొక పాత రాతి చర్చి ఉంది. రెండో ప్రపంచ యుద్ధంలో మద్రాసు మీద బాంబులు పడతాయని జనం రైళ్లెక్కి ఇటు పారిపోయి వచ్చినప్పుడు, వాళ్లకు ఆ చర్చిలోనే పడక, గంజి. అలా చంకబిడ్డతో వచ్చిన ఒకామె జ్వరంతో అక్కడే చనిపోయింది. పేరు అడిగేలోపే మాట పడిపోయిందట. ఆమెను చర్చి వెనక పూడ్చారు. బిడ్డను ఆ చర్చిలో వాక్యం చెప్పే ఉపదేశి కుటుంబం పెంచుకుంది. ఆ బిడ్డే మా నాయన.

మా చర్చిలో సమాధుల పండుగనాడు చనిపోయినవాళ్ల పేర్లు చదువుతారు. పేరు వినగానే వాళ్ల మనుషులు లేచి నిలబడాలి. నాయన పెంచిన తల్లికి లేచేవాడు. కన్నతల్లికి ఏనాడూ లేవలేదు, పేరుంటే కదా! ఎనభై దాటాక అదే దిగులు పట్టుకుంది.

నేను ఆ యుద్ధకాలం మీద నవల రాస్తూ ఆమెకు నేసమణి అని పేరు పెట్టాను. మద్రాసు వైపు పేరు, మా ఊళ్లో ఎవరికీ లేదు. చదివి వినిపిస్తే నాయన పట్టుబట్టాడు. "ఆ పేరే సదివించు మ్మా. నేను పొయ్యేలోపల మా యమ్మకి ఒకసారన్నా లేసి నిలబడాల." కల్పించిన పేరని ఎంత చెప్పినా వినలేదు. పాస్టరయ్య కూడా సరేనన్నారు.

పోయినేడు పండుగ ఉదయం ఆ పేరు చదివారు. నాయన నా భుజం పట్టుకుని లేచాడు. ఎదురుగా ఆడవాళ్ల చాపల మీద ఇంకొకామె లేచింది. పాతికేళ్లుంటాయి, బక్కపలచని మనిషి, నలిగిన ముతక చీర. నాయన వైపే చూస్తూ తల అడ్డంగా ఊపింది. పెదవులు కదిలాయి. నాకు ఒక్క ముక్క వినబడలేదు. తర్వాతి పేరుకు వాళ్ల మనుషులు లేచి, మళ్లీ కూర్చునేసరికి ఆమె లేదు. ఉన్నది ఒకటే తలుపు, దాని పక్కనే మేమున్నాం.

నాయన నా చెయ్యి పట్టుకున్నాడు. "ఆ పేరు కాదంటా ఉండాది మ్మా. అసలు పేరు సెప్పింది. నా పాడు సెవులకి ఇనబడలే. నువ్వు ఇన్నావా?"

లేదన్నాను. ఆ క్షణంలో ఆయన మొహం చూడలేకపోయాను.

ముసలాయనకు మతి తప్పిందనుకుందామంటే నేనూ చూశాను. మా వదిన ఆమె పక్కనే కూర్చుంది. "కొత్త మనిషని జరిగి సోటిచ్చినా. సెయ్యి తగిలితే కాలిపోతా ఉండె, జరమేమో అనుకుంటి" అంది. పండుగకు వచ్చిన చుట్టాలందరి గురించీ ఆరా తీశాను. అలాంటి మనిషి ఎవరింటికీ రాలేదు.

ఆ ఏటి వానల్లోనే నాయన మంచం పట్టాడు. చివరి రోజు మధ్యాహ్నం గోడ వైపు తిరిగి "ఇంగొంచెం గెట్టిగా సెప్పుమా" అంటూనే ఉన్నాడు. అక్కడ ఎవరూ లేరు. కాసేపటికి "ఆ... అట్నా" అన్నాడు, మొహం తేటపడింది. ఏం పేరు నాయనా అని నేను వంగి అడిగేసరికి ప్రాణం పోయింది.

ఆయన నిజంగా విన్నాడో లేదో తెలియదు. చర్చిలో లేచినామె ఎవరో ఇప్పటికీ చెప్పలేను. ఈ ఏడు పండుగకు నాయన పేరు చదివితే లేచాను. నాయనమ్మకూ లేద్దామంటే, చదివించడానికి నా దగ్గర పేరు లేదు.