బిడ్డ పేరు మీద కూసున్న క్లాసు

ఆ యేడు బడులు సగమే తెరిచిన్రు. సగం అంటే నిజంగనే సగం. సగం మంది పిల్లలు సోమ, బుధ, శుక్రవారాలు బడికి పోవాలె, మిగిలిన సగం మంగళ, గురు, శనివారాలు. బడికి పోని రోజు ఇంట్ల కూసొని ఫోన్ల అదే క్లాసు వినాలె. నా బిడ్డ అప్పుడు తొమ్మిదో తరగతి. ఆమెది సోమవారం జట్టు. మాది చిట్కుల్, బడి ఇస్నాపూర్‌ల. ఒక చిన్న ప్రైవేటు బడి, కింద చెప్పుల దుకాణం, పైన రెండంతస్తుల్ల క్లాసులు.

నేను మందుల కంపెనీల ప్యాకింగు పని చేస్త. ఆ నెలలన్ని నాకు సెకండ్ షిఫ్టే పడ్డది. మధ్యాహ్నం ఒంటిగంటకు మా గల్లీ మూల మీదికి కంపెనీ బస్సు వస్తది. మా ఆయన వేరే కంపెనీల ఫస్ట్ షిఫ్టు, తెల్లారకముందే పోతడు. బిడ్డ బడికి పోయినంక బస్సు వచ్చేదాక ఇంట్ల నేనొక్కదాన్నే. పెండ్లయి వచ్చినప్పటి సంది ఆ ఇల్లు అంత చప్పుడు లేకుంట ఉండుడు నేను చూడలే. కిటికీలకెల్లి ఎండ వచ్చి గచ్చు మీద పడి, మెల్లగ మంచం దాక జరుగుతుండె. నేను దాన్ని చూసుకుంట కూరగాయలు కోస్తుంటి.

బడిల ఫోన్లు తేనియ్యరు. అందుకని బిడ్డ ఫోను ఇంట్లనే, బియ్యం డబ్బా మీద పెట్టి పోతుండె. ఆమె ఇంట్ల ఉండే రోజుల కోసం పదిన్నరకు అలారం పెట్టుకున్నది. ఒక సోమవారం ఆ అలారం మోగింది. బంద్ చేద్దామని తడి చెయ్యి చీరకు తుడుచుకొని ఫోను తీసిన. ఎక్కడ ఒత్తిన్నో నాకే తెల్వదు, క్లాసు తెరుచుకున్నది.

ముందుగాల బ్లాక్‌బోర్డు కనబడ్డది. టేబుల్ మీద పెట్టిన ల్యాప్‌టాప్ నుంచి చూపిస్తున్నరు కావచ్చు, బెంచీలు అడ్డంగ ఒక దిక్కు కనబడుతున్నయి. మూడో బెంచీ మీద రెండు జడలు, నల్ల రిబ్బన్లు. పొద్దున నేనే కట్టిన. నా బిడ్డ చెంపకు చెయ్యి ఆనిచ్చుకొని బోర్డు దిక్కు చూస్తున్నది. నేను చూస్తున్నట్టు ఆమెకు తెల్వదు. ఇంట్ల ఆమె ఎప్పుడు అంత కుదురుగ కూసోదు. ఏదో వేరేవాళ్ల పిల్లను చూసినట్టు అనిపించింది. ఉల్లిగడ్డలు అట్లనే ఇడిసిపెట్టి మంచం మీద కూసున్న.

గట్ల మొదలైంది. నేను చూసింది బిడ్డనే, పాఠాన్ని కాదు. బుధవారం మళ్లా చూసిన. శుక్రవారం మళ్లా. వీడియో బంద్, మైకు బంద్, పైన బిడ్డ పేరు.

సైన్స్ చెప్పేది ఒక మేడం. ఆమె మాట మా దిక్కు మాట కాదు. వాళ్ల తాత ఇక్కడి ఫ్యాక్టరీల నౌకరీకి కోస్తా దిక్కుకెల్లి వచ్చి ఇక్కడనే ఉండిపోయిండని తర్వాత తెలిసింది. పాఠం ఇంగ్లీషుల ఒకసారి చెప్పి, తెలుగుల రెండుసార్లు చెప్తుండె. తొందర లేని గొంతు. బోర్డు దిక్కు తిరిగి రాసేటప్పుడు ఆ గొంతు దూరం పోయి, మళ్లా దగ్గరికొస్తుండె. ముసురు పట్టినప్పుడు పడీ పడనట్టు పడే వానలెక్క.

ఒక రోజు ఆమె ఉల్లిపొర గురించి చెప్పింది. ఉల్లిగడ్డ లోపల సన్నటి పొర ఒకటి ఉంటదట, దాన్ని అద్దం కింద పెట్టి చూస్తే గోడకు ఇటుకలు పేర్చినట్టు చిన్న చిన్న గదులు కనబడుతయట. ఆ గదులనే కణాలు అంటరట. ఒక్కో గదిల ఒక చుక్క. నా చేతుల అప్పుడు ఉల్లిగడ్డనే ఉన్నది. పొర తీసి కిటికీ ఎండకు అడ్డం పట్టిన. గదులు ఏం కనబడలే గాని నాకు ఇస్నాపూర్ యాదికొచ్చింది. ఒకదానికొకటి ఆనుకున్న కిరాయి రూములు, ఒక్కో రూముల ఒక బల్బు. ఇన్నేండ్లు ఎన్ని ఉల్లిగడ్డలు కోసిన, ఎన్ని ఇండ్లు కోసిన అనుకున్న. ఆ రోజు కూర జెర మాడింది.

నేను చదివింది ఎనిమిది వరకే. మా ఊర్ల ఏడు దాకనే బడి ఉండె. ఎనిమిది నుంచి పక్క ఊరికి నడిచి పోవాలె. ఎనిమిది అయినంక, తొమ్మిదిల చేరిన కొన్ని దినాలకే నాకు టైఫాయిడ్ వచ్చింది. లేచేసరికి రెండు నెలలు గడిచిపోయినయి. నా జతగాండ్లు పాఠాలల్ల ఎక్కడికో పోయిన్రు. వాళ్ల పుస్తకాలు చూస్తే ఒక్క ముక్క అర్థం కాలే. సిగ్గయింది. రేపు పోత, ఎల్లుండి పోత అనుకుంటనే ఉన్న. పొమ్మని ఎవ్వరు అనలే, పోవద్దని ఎవ్వరు అనలే. అట్ల ఆగిపోయింది.

ఇప్పుడు ఆ తొమ్మిదే మళ్లా వచ్చి మా ఇంట్ల బియ్యం డబ్బా మీద కూసున్నట్టయింది. కంపెనీల లైను మీద గోలీల పట్టీలు ఒకదానెనక ఒకటి వస్తుంటే, చేతులు వాటి పని అవి చేస్తుంటే, మేడం గొంతు చెవుల నడుస్తనే ఉండె. పక్కన పనిచేసే ఒడియా ఆమె "క్యా సోచ్ రహీ హై దీదీ" అని, ఏం ఆలోచన చేస్తున్నవ్ అక్కా అని అడిగితే నవ్వి ఊకుంటుంటి. ఏమని చెప్పాలె? ఉల్లిగడ్డల రూములున్నయని చెప్పాల్నా?

మూడు వారాలు ఎవ్వరికీ తెల్వదనుకున్న. నాలుగో వారం నా నోరే నన్ను పట్టిచ్చింది.

ఆ శుక్రవారం మేడం నీళ్లు ఆవిరయ్యే పాఠం చెప్తున్నది. పిల్లలు ఇంటికాడ ఉన్నప్పుడు సరిగ్గ విననివి మళ్లా మొదటికెల్లి చెప్తున్నరు. "ఎండాకాలంలో కుండలో నీళ్లు చల్లగా ఎందుకుంటాయి? స్టీలు బిందెలో ఎందుకుండవు? ఆలోచించి చెప్పండి" అని అడిగింది. క్లాసుల చప్పుడు లేదు. ఫోన్ల ఉన్న పిల్లల దిక్కుకెల్లి కూడ చప్పుడు లేదు. మేడం ఆగింది. ఆ ఆగుడు నేను ఓర్సుకోలేకపోయిన.

"కుండకు చెమట పడ్తది గద, అందుకే" అన్న. నాలో నేనే అనుకున్న. కాని అంతకు ముందు ఫోను మీది పసుపు మరక తుడిచేటప్పుడు మైకు తెరుచుకున్నదని నేను చూడలే.

నా గొంతు ఆ క్లాసుల ల్యాప్‌టాప్‌లకెల్లి ఇంత పెద్దగ బయటికొచ్చింది. ఆ తర్వాత ఒకటే నవ్వులు. ఎవరో పిల్లగాడు నా బిడ్డ పేరు పట్టి, "మేడం, ఫోన్ల ఆమెనే, ఇక్కడ ఆమెనే!" అని ఒర్రిండు. మూడో బెంచీ మీది రెండు జడలు గిరుక్కున తిరిగినయి. నా బిడ్డ సీదా ల్యాప్‌టాప్‌ల చూసింది. నేను కనబడనని తెలుసు. అయినా మంచం మీద ఎనక్కి జరిగిన. ఆమె మొఖం ఎర్రగయింది. నేను ఫోను కట్ చేసి బియ్యం డబ్బా లోపల పెట్టి మూత బిగించిన. ఎందుకు లోపల పెట్టిన్నో ఇప్పటికీ తెల్వదు.

మర్నాటి పొద్దుగాల బిడ్డ ఛాయ్ గ్లాసు ముందల పెట్టుకొని అడిగింది.

"నువ్వెందుకు కూసున్నవ్ అమ్మా? అందరు నన్నే చూసిన్రు. నా పరువు పోయింది."

"నిన్ను చూద్దామని కూసున్న బిడ్డా."

"రోజూ చూస్తవ్ గద!"

"ఇంట్ల చూస్త. బడిల ఎట్లుంటవో చూడలే."

"అయితే జవాబెందుకు చెప్పినవ్?"

"తప్పైంది, ఇగ చూడ" అన్న. ఆమె ఛాయ్ తాగకుంటనే లేచి పోయింది.

ఆ తర్వాత మూడు రోజులు, అంటే ఆమె బడికి పోయిన మూడు రోజులు, అలారం మోగింది, నేను బంద్ చేసిన. గచ్చు మీద ఎండ మెల్లగ జరిగింది. ఆ నిశ్శబ్దం ఇదివరకు లెక్క లేదు. ఎవరో మాట్లాడుతూ మాట్లాడుతూ పక్కింట్లకు పోయినట్టు ఉండె.

ఆ వారం శనివారం పదకొండు కొడుతుంటే నా ఫోనే మోగింది. తెల్వని నంబరు. బిడ్డ పక్కనే ఉన్నది, క్లాసు అప్పుడే అయిపోయింది.

"అమ్మా, నేను బడి నుంచి సైన్స్ మేడంని మాట్లాడుతున్నాను."

"తప్పైంది మేడం. ఇగ ఎప్పుడు రాను" అన్న.

"అయ్యో, అందుకు కాదండీ. మూడు క్లాసుల నుంచి మీరు రావట్లేదు. ఆరోగ్యం ఏమైనా బాగాలేదేమోనని చేశాను."

నేను గోడకు ఆనుకున్న. చిన్నప్పుడు టైఫాయిడ్ తగ్గినంక, ఎన్ని దినాలు మా ఇంటి అరుగు మీద కూసొని చూసిన్నో. బడి దిక్కుకెల్లి ఎవరన్నా వస్తరేమో, ఎందుకు వస్తలేవని అడుగుతరేమోనని. ఎవ్వరు రాలే. ఇన్నేండ్లకు, చెప్పుల దుకాణం మీద ఉన్న బడిలకెల్లి ఒకామె అడిగింది.

"మీకు ఎప్పుడు తెలిసింది మేడం?" అన్న మెల్లగ.

"రెండో రోజే తెలిసింది. పాప నా ఎదురుగా కూర్చుని ఉంటే ఫోన్లో పాప పేరు కనిపిస్తోంది. నెట్ పొరపాటేమో అనుకున్నాను. తర్వాత చూస్తే క్లాసు అయిపోయేదాకా ఆ పేరు కదలదు. పిల్లలు మధ్యలో వెళ్లిపోతారండీ. మీరు వెళ్లేవారు కాదు. కుండకు చెమట పడుతుందన్నారు చూడండి, సరిగ్గా అదే జవాబు. సోమవారం రండి. కానీ మీ పేరుతో రండమ్మా. పాప పేరుంటే నేనెవర్ని పిలవాలి?"

ఫోను పెట్టినంక బిడ్డ నా మొఖం చూసింది. ఆమెకు అంత వినబడ్డది. గోరు కొరుక్కున్నది. ఆఖరుకు తన ఫోను తీసి, "నీ పేరు ఇంగ్లీషుల ఎట్ల రాస్తవ్?" అని అడిగింది. చెప్పిన. "ఇంటిపేరు పెట్టాల్నా?"

"పెట్టు."

"ఏది? మనదా, అమ్మమ్మోల్లదా?"

"బడి రిజిస్టర్ల అమ్మమ్మోల్లదే ఉండె."

"అయితే అదే పెడ్త" అని ఒక్కొక్క అక్షరం కొట్టింది. పెండ్లయినంక ఆ పేరు అట్ల రాసి ఉంటే చూసుడు అదే మొదలు. ఎవరో చిన్నపిల్ల పేరు లెక్క కనబడ్డది.

సోమవారం మేడం హాజరు పిలిచింది. క్లాసుల ఉన్నోళ్లవి అయినంక ఫోన్ల ఉన్నోళ్లవి. నా పేరు చివరిది. "ప్రెజెంట్ మేడం" అన్న. పిల్లలు నవ్విన్రు గాని ఈసారి ఆ నవ్వు వేరే. మా బిడ్డ తిరగలే. జడలు మాత్రం జెర కదిలినయి.

మంగళ, గురు, శనివారాలు ఇద్దరం ఇంట్లనే. ఒకటే ఇయర్‌ఫోను. "జరుగు" అని మంచం మీద చోటు చేసి, ఒక తీగ నా చెవుల పెట్టేది, ఒకటి ఆమె పెట్టుకునేది. ఆ తీగ చిన్నది, తలలు తలలు తాకేటివి. మేడం చెప్తుంటే నాకు ఒక్కోసారి ఆ గొంతు బిడ్డ తలలకెల్లి నా తలలకు వస్తున్నట్టు ఉండేది. అర్థం కాంది నేను అడిగితే బిడ్డ చెప్పేది, విసుక్కుంట. ఆమె పరధ్యానంల పడి ఇడిసిపెట్టింది నేను చెప్పేదాన్ని, విసుక్కోకుంట.

గట్ల రెండు నెలలన్న నడిచిందో లేదో, బడులు మొత్తం తెరిచిన్రు. మళ్లా సోమవారం లింకు ఒత్తిన. తెల్ల తెరమీద చక్రం తిరుగుతనే ఉన్నది. చాలా సేపు చూసిన. ఎవరికీ చెప్పకుంట ఒక క్లాసు బంద్ అయిందన్నట్టు కండ్లల్ల నీళ్లొచ్చినయి. సాయంత్రం మేడమే ఫోన్ చేసి, సంగారెడ్డిల ఓపెన్ స్కూల్ సెంటర్ ఉంది, పదో తరగతి కట్టండి, ఆదివారాలు పోతే చాలు, తక్కినవి వీడియో పాఠాలు అని చెప్పింది. మా ఆయనకు చెప్తే, "ఇగ ఇద్దరు పరీక్షలంటే ఇంట్ల అన్నం ఎవరు వండుతరు?" అని నవ్విండు. ఆ నెల నుంచి ఆదివారం అన్నం ఆయననే వండిండు. మెత్తగ వండేది.

మొదటిసారి లెక్కల్ల తప్పిన. మిగిలినవన్ని అయినయి. సైన్స్‌ల మంచి మార్కులే వచ్చినయి. బిడ్డ నాకు లెక్కలు చెప్పింది. ఇంతకు ముందు ఎవ్వరి మీద ఒర్రనంత నా మీద ఒర్రింది. రెండోసారి పాసైన. మార్కుల కాయితం తీస్కొని ఇస్నాపూర్ బడికి పోయిన. మేడంను అప్పుడే మొదటిసారి ఎదురుగ చూసుడు. ఫోన్ల చూసినప్పుడు ఎత్తుగ ఉంటదనుకున్న. నా భుజానికి కూడ రాదు. ఇద్దరం చెప్పుల దుకాణం ముందల నిలబడి, ఎండ గురించి మాట్లాడుకున్నం.

ఇప్పుడు ఇంటర్ చదువుతున్న, మళ్లా ఓపెన్‌లనే. సెంటర్ సార్లు పంపే పాఠాలు కంపెనీ బస్సుల వింట. ఒంటిగంట ఎండ, బస్సు ఊగుడు, చెవుల లెక్చరర్ గొంతు. కండ్లు మూతలు పడుతయి. పాఠం నడుస్తనే ఉంటది, నేను నిద్రల వింటనే ఉంట. గేటు కాడ లేసేసరికి ఏది విన్నదో, ఏది కలగన్నదో తేడా తెల్వదు. మొన్న బాటనీ సార్, చెట్టు ఆకు రాల్చేటప్పుడు ఒక్కొక్కటి లెక్క పెట్టుకుంటదని చెప్పిండు. మంచిగనిపించి నోట్‌బుక్కుల రాసుకున్న. తెల్లారి పుస్తకమంతా వెతికిన, యాడ లేదు. ఆదివారం సెంటర్ల ఆ బాటనీ సార్‌నే అడిగిన.

"నేనట్ల అనలేదమ్మా" అన్నడు ఆయన, నోట్‌బుక్కు చేతుల పట్టుకొని. ఇంకోసారి చదివిండు. "పరీక్షల మాత్రం రాయకు" అని నవ్వి నా చేతుల పెట్టి, బోర్డు దిక్కు తిరిగిండు.