సిద్ధమన్న చెవిటి మెషీన్

మా బావని ఆఫీసులో అందరూ 'ఆగండిగారు' అంటారు. ఎదుటివాళ్ళ మాట పూర్తికాకుండానే "ఆగండి, ఆగండి" అని చెయ్యెత్తుతాడు కాబట్టి ఆ పేరు స్థిరపడింది. ఇంట్లోనూ అంతే. తలుపు వేస్తే గడియ పడిన చప్పుడు విని గానీ కదలడు. ఆయనతో కలిసి బయటికి వెళ్ళాలంటే నా ప్రాణం విసిగిపోతుంది.

నాది ఫ్యాన్లూ మిక్సీలూ బాగుచేసే దుకాణం. నా దగ్గరికొచ్చిన ఫ్యాన్ తిరుగుతుంది, లేదా తిరగదు. బావ బాగుచేసే మెషీన్లు కంటికి కనిపించవు. ఆయన కంపెనీ ఒక పెద్ద కంప్యూటర్ లోపల ప్రోగ్రాములతోనే బోలెడన్ని ఉత్తుత్తి కంప్యూటర్లు పుట్టించి అద్దెకిస్తుంది. వాటిని బయటి ప్రపంచంతో కలిపే నెట్‌వర్క్ కార్డు కూడా ఉత్తుత్తిదే. ఆ కార్డుకీ కంప్యూటర్‌కీ మధ్య కబుర్లు చేరవేసే చిన్న ప్రోగ్రాముని డ్రైవర్ అంటారు. దాన్ని రాయడం, చెడితే సరిచేయడం బావ ఉద్యోగం.

"లేని కంప్యూటర్‌కి లేని కార్డు. దానికి నీకు జీతం!" అని ఏడిపిస్తుంటాను.

"జీతం మాత్రం నిజమేరా," అంటాడు.

బావ భార్య, మా అక్క, అంబులెన్సు కోసం వచ్చే ఫోన్లు అందుకునే గదిలో పనిచేస్తుంది. అవతల ఏడుస్తున్న మనిషి చేత చిరునామా చెప్పించడంలో ఆవిడది అందె వేసిన చెయ్యి. అలాంటి అక్కని ఒకరోజు పై అధికారి పిలిచాడు. ఆ పొద్దున డ్యూటీ మొదట్లో ఆమె సీటుకి వరసగా ఫోన్లు మోగాయట, ఒక్కటీ ఎత్తలేదట. అందులో ఒకటి గుండెనొప్పి వచ్చిన పెద్దాయన ఇంటినుంచి. కొడుకు టాక్సీలో ఆస్పత్రికి తీసుకెళ్ళబట్టి బతికాడు. కొడుకు ఊరుకుంటాడా? ఫిర్యాదు చేశాడు. "కునుకు పట్టిందా అమ్మా?" అని అధికారి అడిగాడు. విచారణ తేలేదాకా ఇంట్లోనే ఉండమన్నాడు.

ఉద్యోగం సంగతి అటుంచండి. అక్క తన చెవుల్ని తనే నమ్మడం మానేసింది. నాకు అదే చూడబుద్ధి కాలేదు. కాలింగ్ బెల్ మోగితే "ఇప్పుడు మోగింది కదూ?" అని నన్ను అడిగేది. నిద్రపోలేదని మొదట్లో గట్టిగా వాదించిన మనిషే, "ఏమోరా, మోగినా నేనే వినలేదేమో," అనడం మొదలుపెట్టింది.

బావకి ఓదార్చడం చేతకాదు. భోజనాల దగ్గర, "ఆ పొద్దున ఏం జరిగిందో మళ్ళీ చెప్పు," అన్నాడు.

"చెప్పడానికేముందండీ? ఫోన్లే రాలేదు. ఇవాళ ఖాళీ అనుకున్నాను. టీ తాగొచ్చి మళ్ళీ లాగిన్ అయితే ఒకటే ఫోన్లు."

"ఆగు. మళ్ళీ లాగిన్ అయ్యాకే వచ్చాయా?"

"అవును."

బావ నోటిదాకా తీసుకెళ్ళిన గ్లాసు కింద పెట్టేశాడు. ఆ గదిలో ఎవరు లాగిన్ అయినా, వాళ్ళకోసం అప్పటికప్పుడు ఒక ఉత్తుత్తి కంప్యూటర్ లేస్తుంది. అవి బావ కంపెనీ అద్దెకిచ్చినవే.

ఆయన ఆఫీసులో తవ్వి తీసిన సంగతి ఇది. కంప్యూటర్ లేచేటప్పుడు డ్రైవర్ రెండు పనులు ఒకేసారి మొదలుపెడుతుంది. ఒకటి, "నేను సిద్ధం" అని బయటికి చాటడం. రెండోది, వచ్చినదాన్ని అందుకునే ఏర్పాటు చేసుకోవడం. మామూలుగా ఏర్పాటే ముందు పూర్తవుతుంది. ఎప్పుడో ఒకసారి చాటింపు ముందు పడుతుంది. ఆ రెప్పపాటులో ఏదైనా వస్తే కార్డు తలుపు తడుతుంది, లోపల పలికేవాళ్ళుండరు. కార్డుకి మర్యాద ఎక్కువ. మొదటిసారి తట్టినదానికి పలికితే గానీ రెండోసారి తట్టదు. ఇక ఆ మెషీన్‌కి చెవుడే. పైగా "బాగున్నాను" అని బయటికి చెబుతూనే ఉంటుంది కాబట్టి ఫోన్లన్నీ దానికే పంపుతుంటారు.

ఇదంతా మొదట అనుమానమే. పట్టుకుందామని, అడుగడుగునా 'ఇక్కడిదాకా వచ్చాను' అని రాసే ప్రోగ్రాము వరసలు డ్రైవర్‌లో పెట్టాడు. తప్పు మాయమైపోయింది! ఆ రాతకి పట్టే కాస్త సమయానికే చాటింపు వెనకబడి, ఏర్పాటు ముందు పూర్తయిపోతోంది.

"పోయింది కదా! ఆ వరసలు అలాగే ఉంచి పంపించేద్దాం," అన్నాడు టీమ్ లీడర్.

"ఆగండి. పోలేదు, దాక్కుంది. రేపు ఇంకో రకం కంప్యూటర్ కొంటే మళ్ళీ బయటపడుతుంది."

"కస్టమర్ నెత్తిన కూర్చున్నాడయ్యా!"

నేనైనా లీడర్ పక్షమే. కానీ బావ కదిలితేగా. ఆ వరసలన్నీ పీకేసి, ఏర్పాటు చేసే వైపు కావాలని ఆలస్యం పెట్టాడు. అప్పుడు లేచిన ప్రతి మెషీనూ చెవిటిదే. బాగుచేసేముందు పూర్తిగా చెడగొట్టాలట. నా దుకాణంలో ఆ పని చేస్తే జనం తంతారు. ఆ తర్వాత, ఏర్పాటు అయిందన్న కబురు అందేదాకా చాటింపు నోరు మెదపకుండా కట్టడి చేశాడు. పెట్టిన ఆలస్యం అలాగే ఉన్నా, లేచిన ప్రతి మెషీనూ పలికింది.

లీడర్ ఒప్పుకుని ఆ గదివాళ్ళకి ఉన్నదున్నట్టు చెప్పాడు. తప్పు మీది కాదు, వచ్చేవారం డ్యూటీలో చేరండి అని అక్కకి ఫోన్ వచ్చింది. నేను ఎగిరి గంతేశాను. అక్క మొహంలో కళ లేదు.

"మీ బావే ఏదో చెప్పి ఒప్పించి ఉంటారు. పెళ్ళాం కదా," అంది నాతో.

బావ విన్నాడు. సెలవురోజు చూసి, లీడర్‌ని అడిగి, మా ఇద్దరినీ ఆఫీసుకి తీసుకెళ్ళాడు. పాత డ్రైవర్‌లో ఆ ఆలస్యం పెట్టి ఒక మెషీన్ లేపాడు. తెరమీద 'సిద్ధం' అని పచ్చగా వెలిగింది. అక్క హెడ్‌ఫోన్ పెట్టుకుని, డ్యూటీలో కూర్చున్నట్టే నిటారుగా కూర్చుంది. బావ తన ఫోన్‌లోంచి ఆ మెషీన్‌కి కాల్ చేసి స్పీకర్ ఆన్ చేశాడు. అవతల మోగుతున్న చప్పుడు ఆయన చేతిలోంచి స్పష్టంగా వినిపిస్తోంది.

అక్క ఒక చెవి మీద నుంచి హెడ్‌ఫోన్ తప్పించింది. "మోగుతోంది," అంది. మళ్ళీ రెండు చేతులతో చెవులకి అదుముకుంది. చాలాసేపు అలాగే ఉంది. తీసి నా చేతికిచ్చి, "నువ్వు విను," అంది.

పెట్టుకుని విన్నాను. "ఇందులో ఏమీ లేదక్కా."

అక్క ఏడ్చేసింది. బావ కంగారుపడి ఫోన్ కట్ చేయబోయాడు.

"కట్ చెయ్యకండి," అంది అక్క, నా చేతిలోంచి హెడ్‌ఫోన్ లాక్కుని మళ్ళీ పెట్టుకుంటూ. "ఇంకాసేపు మోగనివ్వండి."