పెద్దమ్మ గడిలో నా మిరపకాయ

ఆరేళ్లుగా ఒక మిరపకాయ నా గుండెల మీద కూర్చుంది. నవ్వకండి. నవ్వినా ఫర్వాలేదు లెండి. మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు తెలియదు. అందుకే చెప్పగలుగుతున్నాను.

మా పెద్దమ్మ, అంటే అమ్మకి అక్క, నలభై ఏళ్లు మిరప కల్లాలకి కూలికి వెళ్లింది. ఆరబోసిన కాయల రాశి చుట్టూ ఆడవాళ్లు కూర్చుని, ఎర్రకాయల్లోంచి తాలు ఏరి పక్కన పడేస్తారు. తాలంటే రంగుపోయి తెల్లబడిన కాయ. ఘాటుకి మేమంతా తుమ్మి చస్తుంటే, ఆమె మాత్రం చర్చి పాటలు పాడుకుంటూ హాయిగా ఏరేది. చదువుకునే రోజుల్లో సెలవులకి నేనూ ఆమె పక్కన కూర్చుని ఏరాను. నన్ను పెంచింది ఆ చేతులే. ఆమె అంటే నాకు ప్రాణం. ఈ ముక్క ముందే చెప్పాలి, లేకపోతే తర్వాతది విని నన్ను మరీ రాక్షసి అనుకుంటారు.

ఆరేళ్ల కిందట ఇంటర్నెట్లో బొమ్మలు వేసే ఒక గుంపులో చేరాను. ఎక్కడెక్కడి దేశాల వాళ్లో, జీతం భత్యం లేకుండా, తలా ఒక చిన్న గడిలో బొమ్మ వేస్తారు. ఆ వేల గడులన్నీ కలిపితే ఒక పెద్ద బొమ్మ. ఆ ఏడు అడిగింది ఒకటే: మీ చేతులకి బాగా తెలిసిన వస్తువు వేయండి. మనిషికి ఒక్క గడే. పంపాక మార్చడానికి లేదు.

పెద్దమ్మతో వేయించాలని నాకే పుట్టింది. ఫోన్ ఇచ్చి వేలితో గీయమన్నాను. ఈ వయసులో నాకీ పిచ్చిగీతలేంటని మొదట విసుక్కుంది గానీ, తర్వాత ఫోన్ వదిలితే ఒట్టు. మూడు ఆదివారాలు, ప్రార్థన కాగానే మా వరండాలో కూర్చుని, కళ్లజోడు ముక్కు చివరికి జార్చుకుని గీసింది. తీరా చూస్తే ఏముంది? తాలుకాయ. తొడిమ దగ్గర కాస్త ఎరుపు, మిగతాదంతా పాలిపోయిన తెలుపు, మధ్యలో ఒక ముడత.

నాకు ఒళ్లు మండింది. ప్రపంచమంతా చూసే బొమ్మలో గుంటూరు వాళ్లు పోయి పోయి తాలు పెడతారా?

"ఎర్రకాయ వెయ్యొచ్చుగా పెద్దమ్మా," అన్నాను.

"ఎర్రకాయని నేనెప్పుడు పట్టుకున్నానే? అది రాశిలోనే ఉండిపోయిద్ది. నా చేతిలోకొచ్చేది తాలే."

ఆ మాట విన్నాను. అర్థమైంది కూడా. అయినా ఆమె అటు వెళ్లగానే తగుదునమ్మా అని ఫోన్ తీసుకుని ఆ కాయని చెరిపేశాను. ఎందుకు చేశాను? రాశిలో తాలు కనబడితే వేళ్లు వాటంతటవే పోతాయి కదా, అలా పోయాయని చాలాకాలం నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. అబద్ధం. వేళ్ల అలవాటైతే క్షణంలో అయిపోతుంది. నేను గంటసేపు కూర్చుని, మెరుపులు దిద్ది, నిగనిగలాడే ఎర్రకాయ వేసి, ఆమె పేరుతో పంపాను. మాది కూలి చేసిన ఇల్లని అంతమందికీ తెలుస్తుందని సిగ్గుపడ్డాను. ఏ కూలి తిని పెరిగానో ఆ కూలికే.

పెద్ద బొమ్మ తెరిచిన రోజు గడి గడీ జరుపుతూ చూశాను. ఒకళ్లు చిల్లుపడ్డ మసిగుడ్డ వేశారు. ఒకళ్లు అరిగిపోయిన చీపురు. ఏ దేశపు ముసలాయనో, పిడి విరిగిన సుత్తి. అందరి మధ్యా మా కాయ ఒక్కటే కారం ప్యాకెట్ మీది బొమ్మలా మెరుస్తోంది.

పెద్దమ్మ చూసి, ఇంత ఎర్రగా ఉందేంటే అంది. అన్నీ కలిపేటప్పుడు వాళ్లు రంగు మారుస్తారని చెప్పాను. నమ్మింది. నేనేం చెప్పినా నమ్ముతుంది, అదే నా ఖర్మ. అప్పట్నుంచి చర్చికి కొత్తవాళ్లెవరొచ్చినా నన్ను పిలిచి ఫోన్ తీయిస్తుంది. దేశదేశాల బొమ్మలో ఇది నేనేసిందని వేలు పెట్టి చూపిస్తుంది. ఆ మొహంలో మురిపెం చూసి నాకూ నవ్వొస్తుంది. ఆ నవ్వే నన్ను తినేస్తోంది.

ఇప్పుడామె వేళ్లు వణుకుతున్నాయి. గీత నిలవదు. నేను చెరిపిన కాయని ఫొటో అయినా తీసి ఉంచలేదు.

మొన్న ఆదివారం పాస్టరుగారి భార్యకి చూపించింది. వాళ్లు రంగు మార్చారని పెద్దమ్మ చెబితే ఆవిడ, వాళ్లకి అలా చేసే హక్కేంటండీ అని కోప్పడింది. పెద్దమ్మే అడ్డుపడి, పాపం వాళ్లనేమీ అనొద్దు, తాలు సంగతి వాళ్లకేం తెలుసు అని వెనకేసుకొచ్చింది. నేను పక్కనే ఉన్నాను. ఫోన్ నా చేతిలోనే ఉంది. దాన్ని ఆపేసి సంచిలో పెట్టుకున్నాను.

వాళ్లెవరూ లేరు పెద్దమ్మా. నేనే. తాలు సంగతి నాకు తెలుసు, తెలిసే చేశాను.

ఆమె ముందు అనలేకపోయాను. ఇక్కడైనా అన్నాను. ఊపిరి కాస్త ఆడుతోంది.