అక్క చెప్పిందే ధర

నందిగామ బజారులో నాతో బేరమాడి గెలిచినవాళ్లు లేరు. మా చీరల షాపులో పనిచేసే ముగ్గురు ఆడవాళ్లు రోజుకు ఒక్క అరగంట అడిగితే, దాన్ని మూడు ప్లాస్టిక్ బ్యాడ్జీలకు దించిన ఘనత నాది. నిన్న జాకెట్టు ముక్క కోసం జగ్గయ్యపేటలో ఓ బట్టల కొట్టు మెట్లెక్కితే, ఆ ఘనత ఎదురుగా స్టూలు మీద కూర్చుని చీరలు మడుస్తూ కనిపించింది.

ఆ ముగ్గురిలో ఒకామె. నాకంటే చిన్నదే అయినా ఆమెను షాపులో అందరం అక్క అనేవాళ్లం. అది మూడేళ్ల కిందటి మాఘమాసం, పెళ్లిళ్ల రద్దీ. పెళ్లిలో చుట్టాలకు పెట్టే పెట్టుబడి చీరలకని వచ్చినవాళ్లు యాభై పరిపించి ఐదు కొంటారు; పరిచినవన్నీ మళ్లీ మడవాలి. గిరాకీ ఎదుట పనివాళ్లు కూర్చోకూడదన్నది నేను పెట్టిన నియమమే. పొద్దున పది నుంచి రాత్రి తొమ్మిది దాకా నిలువుకాళ్ల మీదే, అన్నం కూడా నిలబడే. మోకాళ్లు వాచిన అక్క ముగ్గురి తరఫునా వచ్చి, "మధ్యాహ్నం వంతులేసుకుని తలా అరగంట కూర్చుంటాం మేడమ్" అంది.

అడిగింది అడిగినట్టు ఇస్తే మా ఇంటి పుట్టుక కాదు. ఖర్చులేనిది ముందిచ్చెయ్, అవతలివాడు అడగొచ్చింది మర్చిపోతాడనేవాడు కిరాణా కొట్టు నడిపిన మా నాన్న. పైగా, పనివాళ్లకు షాపు తమదే అనిపించాలని ఫోన్లో ఓ వీడియోలో కోటు తొడుక్కున్న ఒకాయన చెబుతుంటే విన్నాను. మర్నాడే ముగ్గురికీ ‘ఇన్‌ఛార్జి’ అని రాసిన బ్యాడ్జీలు తెప్పించాను. "అరగంటేం చేసుకుంటావక్కా, షాపే నీ చేతిలో పెడుతున్నా. ఇన్‌ఛార్జివి. ధర నీదే, తగ్గింపూ నీదే."

అక్క బ్యాడ్జీని అటూ ఇటూ తిప్పి చూసి, "మరి కూర్చునే సంగతండీ?" అంది.

"సీజన్ కానీ, చూద్దాం."

నాకు ఒళ్లు మండింది. పెత్తనం చేతికిస్తే మొహం వెలగదేం?

వారం తిరక్కుండా వీరులపాడు నుంచి పెళ్లివాళ్లొచ్చారు. గంటన్నర పరిపించి ఇరవై చీరలు పక్కన పెట్టించారు. అక్క ధర చెప్పి, కొంత తగ్గించి, "ఇహ తగ్గదండీ" అంది నవ్వుతూనే. పెళ్లికూతురి మేనత్త ఆమెను వదిలేసి గల్లా దగ్గరున్న నా వైపు తిరిగింది. నా నాలుక ఊరుకుంటేగా! "చీరకో యాభై తగ్గించక్కా, మనవాళ్లే" అన్నాను. వాళ్లెవరో నాకు తెలిస్తే ఒట్టు.

"చూశావా, ఓనరమ్మనడిగితే ఇట్టే తగ్గింది. మరి ఆ బిళ్ళ దేనికమ్మా, సోకుకా?" అంది మేనత్త. మిగతా ఇద్దరూ తలలొంచుకుని మడతల్లో పడ్డారు. అక్క ఆ ఇరవై చీరలూ సంచుల్లో సర్ది, వాళ్లను మెట్ల దాకా సాగనంపి వచ్చి, బ్యాడ్జీ తీసి గల్లా మీద పెట్టింది.

"అరగంట ఇవ్వనంటే పడుండేదాన్నండీ. ఇచ్చిన మాట నలుగుర్లో లాగేసుకున్నారు."

జీతం పెంచుతానన్నాను.

"మళ్లీ బేరమేనా మేడమ్?" అంది, చెప్పులు వేసుకుంటూ. నెలాఖరుకు మిగతా ఇద్దరూ ఆమె దారే పట్టారు.

నిన్న అక్క నన్ను చూడగానే లేచి, "రండి మేడమ్, కూర్చోండి" అని తన స్టూలే జరిపింది. ముక్క కోసి ధర చెప్పింది. పుట్టుకతో వచ్చింది ఎక్కడికి పోతుంది, "పాత పరిచయం, తగ్గించవా?" అన్నాను. "అంతేనండీ" అంది. గల్లా దగ్గరున్న ఓనరు వైపు తిరిగాను, అచ్చం ఆ మేనత్తలాగే. ఆయన తలైనా ఎత్తలేదు.

"అక్క చెప్పిందేనండి ధర."

బతుకులో మొదటిసారి, చెప్పినంతా ఇచ్చి మెట్లు దిగాను.

బస్సులో కూర్చుని లెక్క చూసుకున్నాను. ఆమె అడిగింది రోజుకు అరగంట. నేను ఇవ్వకుండా మిగుల్చుకున్నాను. అప్పటినుంచి మూడేళ్లుగా మనుషులు కుదరక, కుదిరినవాళ్లు నిలవక, పరిచిన చీరలు నేనే మడుస్తున్నాను, నిలువుకాళ్ల మీద. కాలాన్ని మిగుల్చుకుంటే ఎక్కడ దాచుకోవాలో మా నాన్న చెప్పలేదు. ఆ అరగంటలన్నీ ఇప్పుడు నా మోకాళ్లలో ఉన్నాయి.